పాల బండి ఇంజను వేడెక్కితే... సంఘ సభ్యులందరూ తెలుసుకోవలసిన సంగతులు



మేత, దాణా, టీకాలు, దూడల పెంపకం గురించి ఈ పుటలలో తరచు చదువుతూనే వుంటారు. ఈసారి పశువు గురించి కాకుండా, పశువు ఇచ్చిన పాలను మోసుకుపోయే బండి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. "బండి సంగతి డ్రైవరు చూసుకుంటాడు, మనకెందుకు?" అని పుట తిప్పేయకండి. పాలు కొలిచి, వెన్న శాతం చూసి, పుస్తకంలో రాసినంత మాత్రాన మన పని అయిపోదు. ఆ పాలు శీతల కేంద్రానికి చేరి అక్కడి పరీక్షలో నిలబడితేనే వాటికి ధర. దారిలో బండి ఆగిపోతే పది ఊళ్ల కష్టం ఒక్క పూటలో విరిగిపోతుంది.

ఎచ్చెర్ల వైపు ఒక రూటులో జరిగిన సంగతి చెబుతాను. రోహిణీ కార్తె ఎండలు. సముద్రం వైపు ఊళ్లన్నీ తిరిగి, ముప్పై క్యాన్లు ఎక్కించుకుని బండి చిలకపాలెం వైపు వస్తోంది. ఉదయం ఏడున్నర దాటింది. క్యాన్లు ఎక్కించే కుర్రాడు మీటరు చూసి "మావా, ముల్లు ఎర్ర గీత కాడికి వచ్చేసింది, ఆపుదుమా?" అన్నాడు. "ఏటీ అవదురా. ఆలీసమైతే కిరాయి కోసేస్తారు. మెయిన్ రోడ్డు ఎక్కితే గాలికి అదే తగ్గిపోద్ది" అన్నాడు డ్రైవరు. మెయిన్ రోడ్డు ఎక్కకముందే బండి ముందు నుంచి ఆవిరి లేచింది. డ్రైవరు కంగారుగా దిగి, తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పాడు. మరుగుతున్న నీరు ఒక్కసారిగా ఎగజిమ్మి ముంజేయి, మెడ కాలాయి. మరో బండి వచ్చి క్యాన్లు మార్చేసరికి మూడు గంటలు పట్టింది. కేంద్రంలో కాచి చూసే పరీక్షలో సగానికి పైగా క్యాన్లు విరిగాయి. ఇంజను హెడ్డు వంగి, గాస్కెట్ పోయి, బండి రెండు వారాలు షెడ్డులోనే వుంది.

ఇంతకూ కారణం ఏమిటనుకున్నారు? ఒక రబ్బరు పైపుకు బిగించిన క్లిప్పు వదులైంది. అక్కడి నుంచి రోజూ కొంచెం కొంచెంగా నీరు కారిపోతోంది. ఉదయం బండి తీసేముందు రెండు నిమిషాలు చూసివుంటే ఇదంతా జరిగేది కాదు.

లెక్క వేసి చూడండి. నలభై లీటర్ల క్యాన్లు ముప్పై అంటే 1,200 లీటర్లు. లీటరు 40 రూపాయల చొప్పున వేసుకున్నా 48,000 రూపాయల సరుకు. ఆ రోజు బండి మీద వున్నది అంత విలువ.

పాలకు గడువు ఎంత?

పొదుగు నుంచి వచ్చిన పాలు సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చగా వుంటాయి. సూక్ష్మజీవులకు అది బాగా అనుకూలమైన వేడి. పచ్చి పాలలో వాటిని కొంత అణచి వుంచే సహజ గుణం వుంది కాని, ఆ వెచ్చదనంలో అది సుమారు రెండు గంటలే పనిచేస్తుంది. తర్వాత సూక్ష్మజీవులు త్వరత్వరగా పెరుగుతాయి. అరగంటకు ఒకసారి రెట్టింపు అవుతాయనుకున్నా, రెండు గంటల్లో ఒకటి పదహారవుతుంది. అందుకే పాలను వీలైనంత త్వరగా 4 డిగ్రీలకు చల్లార్చాలంటారు. పితకడానికి, సంఘంలో పోయడానికి, బండి వచ్చేదాకా కాచుకోవడానికి ఆ రెండు గంటల్లో చాలా భాగం ఎలాగూ పోతుంది. ఇక బండి రోడ్డు మీద ఆగిపోతే మిగిలేది ఏముంటుంది?

ఇంజనులో నీరు చేసే పని

ఇంజనులో కాలే డీజిలు శక్తిలో దాదాపు మూడో వంతు మాత్రమే బండిని లాగుతుంది. మరో మూడో వంతు సైలెన్సరు గుండా పొగతో పోతుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగం ఇంజను గోడలకు పడుతుంది. సిలిండరులో మంట వేడి రెండు వేల డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిని ఎప్పటికప్పుడు తీసివేయకపోతే ఆయిలు పలచబడి, పిస్టన్ సిలిండరులో పట్టేస్తుంది. "ఇంజను సీజ్ అయింది, బోరుకు వచ్చింది" అని మెకానిక్కులు అనేది దీన్నే.

ఇంజను గోడల మధ్య దారులున్నాయి. వాటర్ పంపు ఆ దారులలో నీటిని తిప్పుతుంది. వేడెక్కిన నీరు పై హోస్ పైపు గుండా రేడియేటరుకు వెళ్లి, సన్నని గొట్టాలలో దిగుతూ, ఎదురుగా వచ్చే గాలికి చల్లబడి, కింది పైపు గుండా మళ్లీ ఇంజనుకు చేరుతుంది. తొలి రోజుల కార్లు కొన్నింటిలో పంపు లేకుండా, వేడి నీరు పైకి లేచే గుణంతోనే నీరు తిరిగేది. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టీ కార్లలో చాలావరకు అలాంటివే. ఇంజన్ల బలం పెరిగాక పంపు తప్పనిసరి అయింది.

ఈ దారిలో థర్మోస్టాట్ అనే చిన్న తలుపు వుంటుంది. ఇంజను చల్లగా వున్నప్పుడు అది మూసుకుని, నీటిని రేడియేటరుకు పోనివ్వదు. చాలా ఇంజన్లలో 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. "మన ఎండలకు థర్మోస్టాట్ దేనికి, తీసి పారేయండి" అనే మెకానిక్కులు వున్నారు. ఆ మాట వినకండి. తీసేస్తే ఇంజను తగిన వేడికి చేరక డీజిలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలో అయితే నీరు రేడియేటరుకు పోకుండా అడ్డదారిన తిరిగి, వేడి తగ్గడానికి బదులు పెరుగుతుంది.

ఇక రేడియేటర్ మూత. అది ఉత్త మూత కాదు, లోపల ఒత్తిడిని నిలబెట్టే కవాటం. మామూలుగా నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది. మూత సుమారు 0.9 కిలోల ఒత్తిడి నిలిపితే 118 డిగ్రీల దాకా మరగదు. ఇక్కడే ప్రమాదం వుంది. వంద దాటిన వేడితో వున్న నీటి మీద మూత తీయగానే ఒత్తిడి పోయి, నీరు ఆ క్షణంలోనే ఆవిరిగా మారి ఎగజిమ్ముతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు కావాలి. చేతికి చుట్టిన తువ్వాలు దాన్ని ఆపగలదా?

బోరు నీరు ఎందుకు పనికిరాదు?

"మన వైపు మంచు గడ్డకట్టదు గదా, కూలెంట్ ఎందుకు? బావి నీళ్లు చాలు" అని చాలామంది అంటారు. గడ్డకట్టకుండా చూడడం కూలెంట్ పనుల్లో ఒకటి మాత్రమే. మనకు కావలసినవి మిగతా మూడు పనులు. నీరు మరిగే వేడిని పెంచుతుంది. ఇనుము, అల్యూమినియం తుప్పు పట్టకుండా కాపాడుతుంది. పంపు సీలు పాడుకాకుండా చూస్తుంది.

నీళ్లు కాచే డేగిసాలో అడుగున తెల్లటి పొర పేరుకోవడం మీ ఇళ్లలో చూసే వుంటారు. బోరు నీటిలోని సున్నపు ఉప్పులే ఆ పొర. రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ, ఇంజను గోడల మీదా అదే పొర కడుతుంది. అది వేడిని దాటనివ్వదు. సముద్రానికి దగ్గర ఊళ్లలో నీరు ఉప్పగా వుంటే తుప్పు కూడా తోడవుతుంది. కాబట్టి కూలెంటును బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరుతో మాత్రమే కలపాలి.

సాధారణంగా సగం కూలెంటు, సగం నీరు. "చిక్కగా పోస్తే మరీ మంచిది" అనుకోవద్దు. వేడిని మోయడంలో నీరే మేలు. కూలెంటు ఒక్కటే పోస్తే వేడి సరిగా తీయదు. కొన్ని డబ్బాలు కలిపిన సరుకుగానే వస్తాయి. వాటిలో మళ్లీ నీరు కలపకూడదు. డబ్బా మీద రాసింది చదివి, లేదా చదివించుకుని పోయండి.

రంగు చూసి రకం నిర్ణయించవద్దు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అన్నవి కంపెనీలు వేసిన రంగులే. ఒక రకం మీద మరో రకం పోస్తే లోపల కాపుదల మందు దెబ్బతినవచ్చు, కొన్నిసార్లు జిగురులా కట్టవచ్చు. బండితో వచ్చిన పుస్తకంలో చెప్పిన రకమే వాడాలి. పాత రకాలను సుమారు రెండేళ్లకు, కొత్త రకాలు కొన్నింటిని ఐదేళ్లకు మార్చమంటారు. ఇందులోనూ బండి పుస్తకానిదే ఆఖరి మాట.

మరొక హెచ్చరిక. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్. 6 పెద్ద బండ్లు, ట్యాంకర్లు చాలావాటిలో పొగను శుద్ధి చేసే ద్రవానికి వేరే ట్యాంకు, నీలి మూతతో వుంటుంది. అది కూలెంటుది కాదు. ఒకదానిలో మరొకటి పోస్తే పెద్ద ఖర్చు.

పాల బండికే ఎక్కువ కష్టం

పాల బండి పని తీరే వేరు. ఊరూరా ఆగుతుంది, ఆగినచోట ఇంజను ఆపకుండా క్యాన్లు ఎక్కిస్తారు, మట్టి రోడ్డు మీద చిన్న గేర్లలో నడుస్తుంది. వేగం లేకపోతే ఎదురు గాలి వుండదు. అప్పుడు రేడియేటరుకు ఫ్యానే దిక్కు. నూర్పిళ్ల రోజుల్లో రోడ్ల మీద ఆరబోసిన పంటల పొట్టు, దుమ్ము, తోటల పక్కన సరుగుడు ఆకు రేడియేటర్ రేకుల్లో ఇరుక్కుని గాలిని ఆపేస్తాయి. అందువల్ల పాల బండికి మామూలు బండి కంటె ఎక్కువ సంరక్షణ కావాలి.

రోజూ, తెల్లవారుజామున ఇంజను చల్లగా వున్నప్పుడు:

1. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో కూలెంటు కింది గీతకు, పై గీతకు మధ్య వున్నదా చూడాలి. పై మూత తీయకుండానే ఇది తెలుస్తుంది.
2. రాత్రి బండి నిలిపిన చోట నేల మీద తడి మరకలున్నాయా చూడాలి.
3. ఫ్యాన్ బెల్టు చీలిందా, వదులైందా చూడాలి. మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు, కొంచెం అటూ ఇటూగా దిగాలి.

వారానికి ఒకసారి:

4. హోస్ పైపులను పిసికి చూడాలి. మరీ మెత్తబడినా, రాయిలా గట్టిపడినా, బీటలు వారినా మార్చాలి. క్లిప్పులు బిగించాలి.
5. రేడియేటర్ రేకులను ఇంజను వైపు నుంచి బయటికి, తక్కువ ధారతో కడగాలి. నీటిని జోరుగా కొడితే రేకులు వంగిపోతాయి.
6. మూత రబ్బరు వాచర్ చూడాలి. వాచర్ పోతే ఒత్తిడి నిలవదు, నీరు ముందే మరుగుతుంది.

కూలెంటు తరచు తగ్గుతూ వుంటే నింపి ఊరుకోవద్దు. నీరు ఎక్కడికో పోతున్నదన్న మాట. బయట కారుడు కనిపించకపోతే లోపలికి పోతున్నదేమో అనుమానించాలి. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తున్నా, ఆయిలు మజ్జిగలా తెల్లబడినా హెడ్ గాస్కెట్ పోయి వుండవచ్చు. ఆ బండిని ఇక నడపకూడదు.

బి.ఎం.సి. వున్న సంఘాలవారు జనరేటర్ ఇంజనును మరువకూడదు. అది నీటితో చల్లబడే రకమైతే ఈ జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి. కరెంటు పోయిన రాత్రి అది వేడెక్కి ఆగితే ట్యాంకులోని పాలకు దిక్కుండదు.

దారిలో వేడెక్కితే ఏం చేయాలి?

మొదట, ముల్లు ఎర్ర గీత వైపు కదలగానే వేగం తగ్గించండి. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనే మాట ఎంతో ఇంజన్లను తినేసింది. జాతీయ రహదారి మీదయితే, అంటే పూర్వం 5వ నంబరు, ఇప్పుడు 16వ నంబరు రోడ్డు మీద, బండిని బాగా ఎడమకు దించి, లైట్లు మిణికేటట్లు వేసి, చేతి బ్రేకు వేసి, చక్రం వెనుక రాయి పెట్టండి.

ఆవిరి రాకుండా, నీరు కారకుండా, బెల్టు బాగానే వుంటే, ఒకటి రెండు నిమిషాలు ఇంజనును నెమ్మదిగా తిరగనివ్వవచ్చు. నీరు తిరిగి వేడి సర్దుకుంటుంది. ముల్లు దిగకపోయినా, ఆవిరి వస్తున్నా, బెల్టు తెగినా వెంటనే ఆపేయాలి.

రెండవది, మూత ముట్టుకోవద్దు. కనీసం అరగంట, ముప్పావుగంట ఆగాలి. పై హోస్ పైపును చేత్తో తాకగలిగేటంత చల్లబడాలి. అప్పుడు కూడా మందపాటి గోనెపట్టా మడిచి వేసి, ముఖం పక్కకు తిప్పుకుని, మూతను మొదటి గాడి దాకా మాత్రమే తిప్పి, చప్పుడు పూర్తిగా ఆగాక తీయాలి.

మూడవది, కాగిన ఇంజను మీద చన్నీళ్లు కుమ్మరించవద్దు. వేడి మీదున్న లోహం ఒక్కసారిగా కుంచించుకుని పగులుతుంది. కాలిన గాజు చిమ్నీ మీద నీటి చుక్క పడితే ఏమవుతుందో మన పెద్దలకు తెలుసు.

నాలుగవది, చల్లబడ్డాక ఎక్కడ కారిందో చూసి, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా కొద్దికొద్దిగా నింపాలి. ఆపదలో మంచినీరు పోసినా తప్పులేదు. కాని కేంద్రం చేరాక మెకానిక్కుకు చూపించి, మళ్లీ సరైన పాళ్లలో కూలెంటు పోయించాలి.

మెకానిక్కుకు ఒక్క సంగతి సరిగా చెప్పగలిగితే సగం పని తేలికవుతుంది. ఆగినచోట వేడెక్కి, వేగం మీద తగ్గుతున్నదా? అయితే ఫ్యాను, బెల్టు, లేదా కరెంటు ఫ్యానుకు ఫ్యూజు చూడాలి. వేగం మీద, బరువు మీద వేడెక్కుతున్నదా? రేడియేటర్ పూడి వుండవచ్చు. బయలుదేరిన కొద్దిసేపటికే ముల్లు లేస్తున్నదా? థర్మోస్టాట్ మూసుకుపోయిందేమో, నీరు తగ్గిందేమో, లోపల గాలి చిక్కిందేమో చూడాలి.

ఈలోగా పాల సంగతి

బండి ఆగిన మొదటి ఐదు నిమిషాల్లోనే కేంద్రానికి, దగ్గరి సంఘం కార్యదర్శికి ఫోను చేయాలి. బాగుపడుతుందేమోనని గంట చూసి చెప్పడం వల్లనే పాలు పోతున్నాయి. క్యాన్లను నీడలో వుంచి తడి గోనెలు కప్పాలి. మూతలు తీయకూడదు. పాలలో ఐసు, నీరు, సోడా, మరే మందూ కలపకూడదు. అది కల్తీ, చట్టం ప్రకారం నేరం. ఒక బండి పాలు కాపాడబోయి సంఘం పేరు పోగొట్టుకోవద్దు.

కూలెంటు విషం, జ్ఞాపకముంచుకోండి

పశువులున్న ఇళ్లవారు ఈ మాట మరీ మరీ గుర్తుంచుకోవాలి. చాలా కూలెంట్లలో వుండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా వుంటుంది. కుక్క నాకుతుంది, దూడ తాగుతుంది, పసిపిల్లలు చప్పరిస్తారు. లోపలికి వెళ్లాక మొదట తూలుడు, మత్తు, తర్వాత మూత్రపిండాలు చెడి ప్రాణం పోవచ్చు. మనుషులు మింగితే 108కి ఫోను చేసి ఆసుపత్రికి, పశువైతే పశువైద్యుని దగ్గరకు క్షణం ఆలస్యం చేయకూడదు. "బాగానే వున్నాడు గదా" అని కాచుకుని కూర్చుంటే వైద్యానికి సమయం మించిపోతుంది.

పాల క్యానులో, పాలు కొలిచే పాత్రలో, తాగునీటి సీసాలో కూలెంటు ఎన్నడూ పోయవద్దు. తర్వాత కడిగి వాడుకుందాం అనుకోవద్దు. తీసేసిన పాత కూలెంటును శాల పక్కన, కాలువలో, చెరువు గట్టున పారబోయవద్దు. పేరు రాసిన డబ్బాలో మూత పెట్టి, పిల్లలకు, పశువులకు అందకుండా వుంచి షెడ్డుకు అప్పగించండి.

పాలకవర్గాలు చేయవలసినది

పైన చెప్పిన సంఘటనలో డ్రైవరు తెలియక తప్పు చేశాడనుకుంటే పొరపాటు. ఆపాలని అతనికీ తెలుసు. ఆలస్యమైతే కిరాయి కోస్తారన్న భయమే అతన్ని ఆపనివ్వలేదు. కోత భయంతో నడిపిన బండి చివరకు అందరికీ నష్టం తెచ్చింది, అతని చేతిని కూడా కాల్చింది.

కనుక రూటు బండ్ల ఒప్పందాలు రాసుకునేటప్పుడు మూడు మాటలు చేర్చించండి. ముల్లు ఎర్ర గీతకు వచ్చి బండి ఆపి వెంటనే కబురు చేసిన డ్రైవరుకు ఆ పూట ఆలస్యానికి కోత వుండరాదు. అవసరానికి పిలవడానికి మరొక బండి ముందుగానే మాట్లాడి వుంచాలి. రోజూ కూలెంటు చూసినట్లు బండి పుస్తకంలో డ్రైవరు సంతకం వుండాలి. ఆ పుస్తకాన్ని నెలకొకసారి పాలకవర్గ సమావేశంలో తెరిచి చూడాలి. సభ్యులు కూడా అడగవచ్చు. బండి వేరెవరిదైనా, అందులోని పాలు మనవి.

బండికి కావలసిన కూలెంటు ఒకటి రెండు క్యాన్ల పాల ధరలో వచ్చేస్తుంది. చూసుకోవడానికి రోజుకు రెండు నిమిషాలు చాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటె, రేపు తెల్లవారుజామున బండి మీ ఊరు వచ్చినప్పుడు, క్యాన్లు ఎక్కించే ముందు డ్రైవరును ఆప్యాయంగా ఒక్క మాట అడగండి: "తమ్ముడూ, నీళ్లు చూశావా?"